మిరప కళ్ళం చుట్టూ పదమూడో ఎక్కం

మనం తోలే బండికి మనమే టైము చూసుకోవాలంటే మూడు చేతులుండాలి. రెండు హ్యాండిలుకి, ఒకటి గడియారానికి. నాకున్నవి రెండే చేతులు, గడియారం అసలే లేదు. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చేతిగడియారం మా నాన్న ఎడమ మణికట్టు మీద ఉండేది. ఆయన హైస్కూల్లో లెక్కల పంతులు. స్నానానికి తప్ప దాన్ని తీసేవాడు కాదు. తీసినా బావి గట్టు మీద కళ్ళెదుటే పెట్టుకుని, దాని వంక చూస్తూ ఒళ్ళు రుద్దుకునేవాడు.

ఎనభైల మధ్యలో సంగతి ఇది. నేను ఇంటర్ ఎలాగో గట్టెక్కి ఖాళీగా ఉన్నాను. ఖాళీ అన్నది మా నాన్న మాట. నా లెక్కలో నేను క్షణం తీరిక లేని మనిషిని. పొద్దున్నే సైకిలెక్కి చీమకుర్తి పోయి, రాళ్ళ లారీలు బాగుచేసే సాయిబుగారి షెడ్డులో సాయంత్రం దాకా గ్రీజులో మునిగి తేలేవాణ్ణి. ఆయన వెల్డింగు చేస్తుంటే చూడొద్దంటున్నా చూసి, రాత్రంతా కళ్ళు మండుతుంటే ఉల్లిపాయ తరిగానని మా అమ్మకి అబద్ధం చెప్పేవాణ్ణి. మా ఇంట్లో నేను ఉల్లిపాయ ముట్టుకోవడం ఎవరూ ఎరగరు గనక ఆ అబద్ధం ఒక్కరోజు కూడా నిలబడలేదు.

అట్లాంటి రోజుల్లో ఒంగోలులో క్షౌరానికి కూర్చున్నప్పుడు ఒక చిరిగిన ఇంగ్లీషు వారపత్రికలో ఆ బొమ్మ చూశాను. నేలకు జానెడు ఎత్తున నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఒక దొర, వెనక ఇంజను. కింద గో-కార్ట్ అని రాసి ఉంది. తలుపుల్లేవు, టాపు లేదు, ఏమీ లేదు. ఇంతేనా, ఇది మనమూ చెయ్యొచ్చు కదా అనుకున్నాను. సగం తల కత్తిరించి ఉందన్న సంగతి మర్చిపోయి లేచి నిలబడితే, మంగలాయన భుజం మీద చెయ్యేసి మళ్ళీ కూర్చోబెట్టాడు.

నెల తిరిగేసరికి నా బండి తయారైంది. నీళ్ళ పైపులు అతికించి సాయిబుగారు చట్రం చేసిచ్చాడు. పాత స్కూటరు చక్రాలు నాలుగు దొరికాయి. యజమాని విసుగెత్తి షెడ్డులో వదిలేసిపోయిన మోపెడ్ నుంచి ఇంజను, దాని హ్యాండిలు కూడా పీకి పెట్టాం. కుడిచేత్తో పిడి తిప్పితే వేగం, కాలితో తొక్కితే బ్రేకు. ఇక కావలసింది సీటు. వైరు అల్లిన ఇనప కుర్చీ ఒకటి మా అరుగు మీద ఉండేది. మా నాన్న పొద్దున్నే పేపరు చదివే కుర్చీ అది. దాని కాళ్ళు కోసేశాను.

మర్నాడు పేపరు పట్టుకుని అరుగు మీదకి వచ్చిన మా నాన్న కుర్చీ కోసం అటూ ఇటూ చూసి, పెరట్లోకి వచ్చి, బండి మీద బిగించిన తన కుర్చీని చూశాడు. తిడతాడనుకున్నాను. ఆయన వంగి, కుర్చీకి మిగిలిన కాళ్ళ ముక్కల్ని స్కేలు పెట్టి కొలిచాడు.

"ఏరా, నాలుగు కాళ్ళు, నాలుగు కొలతలు! కోసేవాడివి కొలిచి కోయొచ్చు గదా?"

ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన పేపరు నిలబడే చదివాడు. నన్ను చూసినప్పుడల్లా కాస్త గట్టిగా పేజీ తిప్పేవాడు.

అయిదో రోజు పేపరు మడిచి నన్ను పిలిచాడు. ఆయన చేతిలో టీచర్ ట్రైనింగు అప్లికేషను ఉంది. పేరు, ఊరు, మార్కులు అన్నీ ఆయనే ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేశాడు. నేను సంతకం పెట్టడమొక్కటే మిగిలింది. నేను పెట్టనన్నాను. సాయిబుగారి షెడ్డులో చేరతానన్నాను. బండి తయారుచేసినవాణ్ణి, నేను పిల్లలకి భాగహారాలు చెప్పుకుంటూ కూర్చోవాలా అని కూడా అన్నాను. ఆ మాట ఎవరితో అంటున్నానో అనేశాక గుర్తొచ్చింది.

మా నాన్న మొహం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు. "అది బండా? ఆటబొమ్మ కాదూ?" అన్నాడు.

"బండే!"

"సరే, లెక్క చూద్దాం. మన ఊరి బస్సు ఆగుతూ సాగుతూ గంటకి ఇరవై నాలుగు కిలోమీటర్లు పోద్ది. అంటే నిమిషానికి నాలుగొందల మీటర్లు. ఆ డొక్కు బస్సుపాటి పోలేనిది బండి గాదు. మిరపకాయలు ఎండబెట్టే కళ్ళం చుట్టూ నాలుగొందల మీటర్లు నేనే కొలిచి గుర్తులు పెడతా. ఒక్క నిమిషంలో ఆ చుట్టు తిరిగిందా, బండేనని ఒప్పుకుంటా, నువ్వు పోయి షెడ్డులో చేరు. అరవై ఒకటో సెకను పడిందా, ఆటబొమ్మే. నోరు మూసుకుని సంతకం పెట్టు."

అప్లికేషను పంపడానికి మూడు వారాల గడువుంది. ఆఖరి శుక్రవారం పొద్దున పరీక్ష అని ఆయనే తేదీ వేశాడు. మా నాన్న ముప్ఫై అయిదు పాసు మార్కయితే ముప్ఫై నాలుగు వచ్చినవాణ్ణి ఫెయిలు చేసే మనిషి. తమ్ముడి కొడుకునైనా అంతే, చేసి చూపించాడు కూడా. ఆ ఏడాదంతా బాబాయి మా గడప తొక్కలేదు. కాబట్టి అరవై ఒకటో సెకను అంటే అరవై ఒకటో సెకనే.

కాయలన్నీ గుంటూరు యార్డుకి వెళ్ళిపోయి కళ్ళం ఖాళీగా ఉంది. అలికి, తొక్కి, గట్టిపడిన నేల. స్కూలు టేపు పట్టుకుని మా నాన్న నాలుగు మూలలా సున్నంతో గుర్తులు పెట్టాడు. నాలుగొందల మీటర్లకి ఒక అంగుళం కూడా అటూ ఇటూ లేదు. ఖాళీ అన్నానే గానీ, రెండు నెలలపాటు అక్కడ ఎండిన కాయల పొట్టూ గింజలూ నేలంతా ఉన్నాయి. బండి నాలుగడుగులు పోగానే ఎర్రటి ఘాటు లేచింది. కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, తుమ్ములు. రేసు బండి తోలుతున్నవాణ్ణి, చూసేవాళ్ళకి మాత్రం కన్నవాళ్ళు పోయినట్టు ఏడుస్తూ తిరుగుతున్నట్టుండేది.

ఇక టైము సంగతి. గడియారం లేకుండా నిమిషం అయిందో లేదో తెలిసేదెట్లా? ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే తుమ్ము దగ్గర అంకె ఎగిరిపోయేది. అప్పుడు ఎక్కం గుర్తొచ్చింది. మా ఇంట్లో తెల్లారితే అరుగు మీద ట్యూషను పిల్లల ఎక్కాలు మోగేవి. పన్నెండో ఎక్కం మరీ తేలిక, ఎక్కడున్నామో తెలియకుండా అయిపోతుంది. పద్నాలుగోది నాకు సరిగా రాదు. పదమూడోది మాత్రం మా నాన్న బెత్తంతో నాలోకి దింపాడు, అది ఈ జన్మకి బయటికి రాదు. అందుకని పదమూడో ఎక్కం.

మధ్యాహ్నం భోజనం చేసి మా నాన్న మంచం మీద పక్కకి తిరిగి కునుకు తీస్తుంటే, కిందకి వేలాడుతున్న ఆయన చేతి పక్కన గొంతుక్కూర్చుని, గడియారం చూస్తూ లోగొంతులో ఎక్కం చదివాను. పదమూడొకట్ల పదమూడు నుంచి పదమూడు పదులు నూట ముప్ఫై దాకా సరిగ్గా ఇరవై సెకన్లు. మూడు ఎక్కాలైతే నిమిషం. ఖాయం చేసుకోవడానికి రెండోసారి చదువుతుంటే మా నాన్న కళ్ళు తెరవకుండానే, "పదమూడు ఎనిమిదులు నూట నాలుగురా, నూట మూడు గాదు" అని అటు తిరిగి పడుకున్నాడు. గడియారం కూడా అటే పోయింది.

మొదటిరోజు కళ్ళం చుట్టూ ఒక చుట్టు తిరిగితే మూడు ఎక్కాలు పూర్తయి, నాలుగో ఎక్కంలో పదమూడు మూళ్ళు ముప్ఫై తొమ్మిది దగ్గర సున్నం గుర్తు దాటాను. ఫర్వాలేదు, మూడే మూడు వరుసలు తగ్గించాలి అనుకున్నాను. సాయిబుగారి దగ్గరికి పోయి వెనక పళ్ళచక్రం మార్పించాను. తిరిగాను. పదమూడు మూళ్ళు ముప్ఫై తొమ్మిది. కార్బురేటరు విప్పి కడిగాను. పదమూడు మూళ్ళు ముప్ఫై తొమ్మిది. కుర్చీ కాళ్ళ ముక్కలు కూడా కోసి బరువు తగ్గించాను. ముప్ఫై తొమ్మిదే! చక్రాల్లో గాలి పెంచాను, తగ్గించాను, పొద్దున తిని తిరిగాను, తినకుండా తిరిగాను. ఏం చేసినా ఆ ముప్ఫై తొమ్మిది నన్ను వదల్లేదు.

పది రోజులు పోయాయి. సాయిబుగారు గడ్డం గోక్కుని, "పంతులుగారబ్బాయ్, ఇంజను ఇప్పుడు మొదటికన్నా బ్రహ్మాండంగా పలకతంది. మరి టైము ఎందుకు తగ్గదయ్యా? నాకంతు పట్టట్లా" అన్నాడు. నేను కోపం ఆపుకోలేక, తగ్గనప్పుడు ఈ మార్పులన్నీ దేనికని కొత్తగా వేసినవన్నీ పీకేసి పాతవి బిగించాను. మళ్ళీ తిరిగాను. అదే అంకె. వంటింటి ముందు కూలబడి, ఆ బండిని నూతిలో తోసేస్తానని, ట్రైనింగుకే పోతానని, నా బడిపిల్లలందరికీ పదమూడో ఎక్కం నేర్పకుండా ఎగ్గొడతానని అరిచాను.

మా అమ్మ మిగిలిపోయిన, రంగు వెలిసిన తాలు కాయలు ఒక చేటలో పోసుకుని, "నువ్వు తిరుగు, నేనొచ్చి చూస్తా" అంది.

మా అమ్మకి గడియారం చూడడం రాదు. అంకెలు రాయడం కూడా రాదు. కళ్ళం గట్టు మీద గోనెసంచి వేసుక్కూర్చుని, తాలు కాయలు ఏరుకుంటూ నన్ను రెండు చుట్లు తిరగనిచ్చింది. మొదటిది మెల్లగా తోలమంది, రెండోది వేగంగా. రెంటికీ నా లెక్క నాలుగో ఎక్కంలో పదమూడు మూళ్ళే. దిగి, చూశావా అన్నట్టు చేతులు చాపాను.

"ఓరి నా పిచ్చి నాయనా," అంది మా అమ్మ, "నువ్వు బండి తోలినట్టే ఎక్కం కూడా తోలతన్నావు గదరా! మెల్లగా పోతే మెల్లగా చదువుతావు, ఇంజను పరిగెత్తితే నీ నాలికా పరిగెత్తుద్ది. అట్లయితే ఎప్పటికైనా లెక్క మారుద్దా?"

పది రోజులు! బాగుపడినదాన్ని చెడగొట్టి, చెడినదాన్ని బిగించి, సాయిబుగారి ప్రాణం తోడేసి, చివరికి తప్పు నా నోటిదా?

"మరి సరైన టైమెంత?" అన్నాను ఏడుపుగొంతుతో. అది మిరప ఘాటు వల్ల మాత్రం కాదు.

"మెల్లగా పోయినప్పుడు నాలుగు ఎక్కాలూ దాటినయ్. వేగంగా పోయినప్పుడు నాలుగో ఎక్కంలో పదమూడు ఆర్లు." ఇరవై ఏళ్ళుగా రోజూ పొద్దున అరుగు మీద పిల్లల పాట వింటూ పొయ్యి ముట్టించిన మనిషి ఆమె. మూడు ఎక్కాలకి పాలు పొంగుతాయని, పది ఎక్కాలకి పప్పు ఉడుకుతుందని ఆమె లెక్క. ఆమె చదివే ఎక్కానికి తొందరా లేదు, ఆలస్యమూ లేదు. నా నాలికతో ఆ పని అయ్యేది కాదు.

ఆ రోజు నుంచి మా అమ్మే నా గడియారం. పీకేసినవన్నీ మళ్ళీ బిగించాను. రోజూ పొద్దున వంటకి ముందు ఆమె గట్టు మీద కూర్చునేది. ఒక్క ఇబ్బంది ఏంటంటే మనుషులు పలకరిస్తే ఆమె ఊరుకోలేదు. "పదమూడు నాలుగులు యాభై రెండు, ఏమ్మా కోడలొచ్చిందా, పదమూడయిదులు అరవై అయిదు, ఎన్నాళ్ళుంటదంట, పదమూడార్లు డెబ్బై ఎనిమిది" అని సాగేది. మధ్యలో కోడలి సంగతికి పట్టిన టైము ఎవరి ఖాతాలోదని నేను కొట్లాటకి దిగితే, "మాట్లాడతా ఎక్కం ఆపలేదురా, ఊపిరి తీసుకోవడం ఆపా" అనేది. ఇంకో ఇబ్బంది తుమ్ము. బయల్దేరేటప్పుడు ఒక్క తుమ్ము తుమ్మానా, బండి కదలనిచ్చేది కాదు. రెండోది వచ్చేదాకా కూర్చోబెట్టేది. ఆ కళ్ళంలో రెండో తుమ్ముకి ఎక్కువసేపు ఎదురుచూడక్కర్లేదు, అదొక్కటే నయం.

నాలుగో ఎక్కంలో ఆర్లు నాలుగులయ్యాయి, నాలుగులు రెళ్ళయ్యాయి. గురువారం పొద్దున మూడో ఎక్కంలో పదమూడు తొమ్మిదులు నూట పదిహేడు అంటుండగా గుర్తు దాటేశాను! నేను బండి దిగి గంతులేశాను. మా అమ్మ చేట పక్కన పెట్టి, కారం చేతులతోనే నా బుగ్గలు పట్టుకుంది. ఆ మంట రాత్రి దాకా ఉంది. ఉన్నా ఏమీ అనిపించలేదు.

శుక్రవారం. మా నాన్న ఇస్త్రీ పంచె, కండువాతో బడికి వెళ్ళినట్టే వచ్చాడు. జేబులో అప్లికేషను, పెన్ను. గడియారానికి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మా అమ్మ గట్టు మీద కూర్చుంది. ఈ నాలుగొందల మీటర్లలో నా బతుకంతా తేలిపోతుందని నాకు తెలుసు.

మొదటి మూల, రెండో మూల బ్రహ్మాండంగా పోయాయి. మూడో మూలలో ముందురోజు గాలికి కొట్టుకొచ్చిన పొట్టంతా పేరుకుని ఉంది. చక్రం దాంట్లో దిగింది, ఎర్రగా లేచింది. నేను తుమ్మాను. ఒకటి కాదు, నాలుగు. నాకు తెలియకుండానే పిడి వదిలేశాను. ఇంజను తగ్గింది. మళ్ళీ తిప్పి, పళ్ళు బిగబట్టి గుర్తు దాటాను.

మా నాన్న గడియారం నుంచి తలెత్తాడు. "అరవై నాలుగు."

మా అమ్మ వంక చూశాను. ఆమె తలొంచుకుని మెల్లగా, "నాలుగో ఎక్కంలో పదమూడు రెళ్ళు" అంది. రెండు గడియారాలూ ఒకటే మాట.

మా నాన్న దెప్పుతాడనుకున్నాను. చూశావా అంటాడనుకున్నాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది. పెన్ను కోసం చెయ్యి చాపాను. ఆయన పెన్ను తియ్యలేదు. మూడో మూల వంకే చూస్తున్నాడు, బోర్డు మీద లెక్క తప్పు చేసిన పిల్లాడి వంక చూసినట్టు.

"ఆ మూలలో ఎందుకు తగ్గించావ్?"

"తుమ్ములొచ్చినయ్ నాన్నా."

"తుమ్మేది ముక్కు గదా, చెయ్యెందుకు వదలాలి?"

"తోలితే తెలుస్తది!" అన్నాను కోపంగా.

"జరుగు."

గడియారం విప్పి నా చేతిలో పెట్టాడు. కండువా ముక్కుకి అడ్డంగా కట్టుకున్నాడు. పంచె ఎగ్గట్టి, తన కుర్చీలో తాను కూర్చున్నాడు. "ఏమండీ, ఈ వయసులో మీకిది తగునా!" అని మా అమ్మ అంటూనే ఉంది, నేను వెనక నుంచి తోశాను, బండి అందుకుంది.

ఆయన మూలల్లో తగ్గించలేదు. తగ్గించడం తెలియదో, తగ్గించదలుచుకోలేదో నాకిప్పటికీ తెలియదు. కుడివైపు చక్రం లేచి మళ్ళీ నేల తాకింది. కండువా ఊడి వెనక్కి ఎగిరింది. మూడో మూలలో ఎర్రటి దుమ్ములోకి మాయమై, తుమ్ముకుంటూ బయటికొచ్చాడు, పిడి మాత్రం వదల్లేదు. ఆ వెంటనే ఒక అరుపు వినపడింది. భయపడ్డాడేమో అనుకున్నాను. భయం కాదు. నవ్వు. హైస్కూలంతా ఏ మనిషి బెత్తానికి గజగజలాడేదో ఆ మనిషి నోరంతా తెరిచి, "ఓయ్! ఓయ్!" అని అరుస్తూ నవ్వుతున్నాడు. గుర్తు దాటి, ఆగకుండా ఇంకో చుట్టు కూడా పోయాడు.

ఆగి దిగేసరికి మొహమంతా ఎరుపు, కళ్ళ నిండా నీళ్ళు, జుట్టంతా పొట్టు. ఆయాసపడుతూ చెయ్యి చాపాడు. "మొదటి చుట్టు ఎంత?"

నేను గడియారం వంక చూశాను. ముల్లు ఎక్కడ బయల్దేరిందో చూళ్ళేదు. ఎక్కడ ఆగిందో చూళ్ళేదు. మూడు వారాలు దేనికోసం అల్లాడానో అది నా చేతిలో ఉంది, నేను దాని మొహమే చూళ్ళేదు.

"యాభై ఎనిమిది," అన్నాను.

మా నాన్న నా కళ్ళల్లోకి చూశాడు. పరీక్ష హాల్లో చీటీ ఎవడి జేబులో ఉందో వాసన పట్టే కళ్ళవి. నేను తల తిప్పుకున్నాను. ఆయన గడియారం తీసుకుని మణికట్టుకి కట్టుకున్నాడు, ఒక్కసారి కూడా దాని వంక చూడకుండా.

"యాభై ఎనిమిదా. అయితే బండి పాసైంది," అన్నాడు. "డ్రైవరు ఫెయిలయ్యాడు. అందుకని నువ్వు తోలబాకు, బాగుచెయ్యడమే నేర్చుకో. రేపు పొద్దున సాయిబుగారితో నేనే మాట్లాడతా."

కండువా ఏరుకుని దులుపుకుంటూ ఇంటివైపు నడిచాడు. మా అమ్మ పక్కన కూలబడి, ఆయన వినకుండా మెల్లగా అడిగాను.

"అమ్మా, నిజంగా ఎన్ని ఎక్కాలు పట్టిందే?"

మా అమ్మ చేటలో చెయ్యి కదపకుండా ఆయన పోయిన వైపే చూస్తోంది.

"నేనెక్కడ చదివాన్రా," అంది. "మీ నాన్న అట్టా నవ్వగలడని నాకు ఇయ్యాలే తెలిసింది."